చాపకూడు నుంచి చీజు టోస్టు వరకు



ప్రత్యేక సంచిక వెలువడే ప్రతిసారీ నా చేత పలనాటి యుద్ధం మీద ఒక వ్యాసం వ్రాయించడం మన సంపాదకవర్గానికి అలవాటు. కారంపూడి వాడిని కదా, నాగులేరు దగ్గర పుట్టినవాడికి వేరే విషయం ఏం తెలుస్తుందని వారి ఉద్దేశ్యం కాబోలు. ఈసారి కూడా "చరిత్ర వ్యాసం కావాలి" అని కబురు చేశారు. నేను మాత్రం కత్తులను, కోడిపుంజులను కాస్త పక్కన పెట్టి ఒక పళ్లెం గురించి వ్రాయదలచాను.

నిరుడు డిసెంబరు 17వ తేదీన పెన్షనర్ల దినం జరుపుకున్నప్పుడు టీకి ముందు పండ్లు, చీజు పెట్టిన చిన్న చిన్న టోస్టులు పంచాము. చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు సభ కంటే ఆ పళ్లెం గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు. మన మిత్రుల ఇళ్లలోని ఆడవాళ్లు తయారీ విధానం చెప్పమని మా ఆవిడను అడిగితే, ఆవిడ నవ్వి నా వైపు చూపించింది. విధానం తప్పక చెబుతాను. అయితే నలభై ఏళ్లు ఫైళ్లతో కాపురం చేసిన ప్రాణం, పూర్వాపరాలు లేకుండా నేరుగా ఉత్తర్వులు వ్రాయలేదు. ముందు నోటు ఫైలు చదవండి. ఉత్తర్వులు చివర ఉన్నాయి.

మన ఊరి చాప

విందు అనగానే కారంపూడి వాడికి ముందు గుర్తుకు వచ్చేది చాపకూడు. పన్నెండవ శతాబ్దంలో పలనాటి మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టించాడు. చాప పరచి కలిసి తిన్న కూడు కాబట్టి చాపకూడు అయింది. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనాపతిని చేసినవాడు ఆయనే. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు, మధ్యలో కోడిపందెం, అరణ్యవాసం, చివరకు క్రీ.శ. 1182 ప్రాంతంలో మన ఊరి దగ్గర యుద్ధం. ఈ కథ మీ అందరికీ తెలిసినదే. 1947లో ఒకసారి, 1966లో మరొకసారి పల్నాటి యుద్ధం సినిమాగా వచ్చింది. మొదటిదానిలో కన్నాంబ, రెండవదానిలో భానుమతి నాగమ్మ పాత్ర ధరించారు. చూసిన కళ్లు మనలో ఇంకా ఉన్నాయి.

ఆ రోజులలో అందరినీ కలిపి కూర్చోబెట్టడం అంటే మాటలు కాదు. అదే శతాబ్దంలో కన్నడ దేశంలో బసవేశ్వరుడు కులభేదాలను ఎదిరించాడు. పూరీలో జగన్నాథుని ప్రసాదం దగ్గర కులం అడగరాదన్న ఆచారం ఉన్నది. సిక్కుల గురుద్వారాలలోని లంగరు చాపకూడు తర్వాత మూడు వందల ఏళ్లకు వచ్చింది. మన చాప వీటన్నిటి సరసన నిలబడదగినది.

ఇప్పటికీ కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు మా ఊళ్లో వీరుల తిరునాళ్లు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులకు ఐదు పేర్లు. ఊరూరి నుంచి వీరాచారవంతులు తమ వీరుల ఆయుధాలను తీసుకొని వీరుల గుడికి వస్తారు. మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. చిన్నప్పుడు నేను ఏటా ఆ జనంలో తిరిగినవాడినే. తిరిగాను అంటున్నాను, కూర్చున్నాను అనడం లేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

జొన్న సీమకు రొట్టె వచ్చిన దారి

ఒకప్పుడు పలనాడు అంటే జొన్న, సజ్జ, మెట్ట పైరు. ఇక్కడి తిండిని, నీటిని, రాళ్లను వెక్కిరిస్తూ శ్రీనాథుని పేర చాటుపద్యాలు నేటికీ చెప్పుకుంటారు. వరి అన్నం పండుగనాటి మాట. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ గారు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు నిండలేదు. కుడి కాలువ నీరు వచ్చిన తర్వాతే మా వైపు వరి చేలు కళ్లబడ్డాయి.

అట్టి సీమకు గోధుమ రొట్టె అందునా పొంగిన రొట్టె, చాలా దూరపు చుట్టం. 1498లో వాస్కోడగామా కేరళ తీరానికి వచ్చాడు. 1510లో గోవా పోర్చుగీసు వారి చేతికి చిక్కింది. పొంగిన రొట్టెను వారు పావ్ అనే ధ్వనికి దగ్గరగా పిలిచేవారు. నేటి బొంబాయి పావ్ భాజీలోని పావ్ అదే. కేరళలోని తలశ్శేరిలో 1880లో మాంబల్లి బాపు గారు బేకరీ తెరిచారు. హైదరాబాదు వారికి అది డబుల్ రొట్టె అయింది. దానితోనే డబుల్ కా మీఠా చేసి పెళ్లి విందులలో వడ్డిస్తున్నారు.

మన పల్లెలలో మాత్రం రొట్టె జ్వరపు తిండి. ఎవరి చేతిలోనైనా రొట్టె పొట్లం కనబడితే "ఇంట్లో ఎవరికి బాగాలేదు?" అని అడిగేవారు. పాలలో ముంచిన రొట్టె తిన్నామంటే ఒళ్లు వెచ్చగా ఉన్నదని అర్థం. అట్టి రొట్టె అందరి ఇళ్లకూ చేరడానికి రెండు కారణాలున్నాయి. 1956లో అమెరికాతో కుదిరిన పి.ఎల్. 480 ఒప్పందం కింద గోధుమలు ఓడల మీద వచ్చాయి. రెండవది, 1965లో భారత ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ అనే సంస్థను స్థాపించింది. మైనపు కాగితంలో చుట్టిన ఆ రొట్టె ఒక విధంగా మన తోటి ప్రభుత్వోద్యోగి. 2000 జనవరిలో అందులో 74 శాతం వాటాను హిందుస్తాన్ లీవర్ కంపెనీకి అమ్మివేశారు. మనలాగే రొట్టె కూడా సర్కారీ కొలువు నుంచి విశ్రాంతి తీసుకున్నది. అయితే దానికి పెన్షను లేదు.

టోస్టు, కానపే – రెండు మాటల కథ

కాల్చడం, ఎండబెట్టడం అనే అర్థం గల లాటిన్ మాట నుంచి టోస్టు పుట్టింది. పాత కాలపు ఇంగ్లండులో కాల్చిన రొట్టె ముక్కకు సుగంధ ద్రవ్యాలు పట్టించి మద్యంలో వేసుకొనేవారట. ఆ పాత్ర పట్టుకొని ఎవరి క్షేమం కోరితే వారికి "టోస్టు" చెప్పినట్లు. విందులలో గ్లాసులెత్తి ఒకరి ఆరోగ్యం కోరే పద్ధతికి పేరు అలా వచ్చింది.

చిన్న రొట్టె ముక్క మీద రుచిగల పదార్థం పెట్టి భోజనానికి ముందు ఇచ్చేదాన్ని ఫ్రెంచివారు కానపే అంటారు. కానపే అంటే సోఫా. రొట్టె సోఫా అయితే దాని మీది చీజు, పండు దర్జాగా ఆసీనులైన అతిథులు. ఇంకా వెనక్కు పోతే ఆ మాటకు మూలం గ్రీకు భాషలో దోమతెర కట్టిన మంచం. దోమల విషయంలో మనమూ గ్రీకులకు తీసిపోము కాబట్టి ఆ మాట మనకు పరాయిది కాదు.

సోఫా పేరు గల తినుబండారం వారిది, చాప పేరు గల కూడు మనది. సోఫా మీద ఎవరు కూర్చోవాలో ఇంటివాడు నిర్ణయిస్తాడు. చాప మీద ఎవరైనా కూర్చోవచ్చునని బ్రహ్మనాయుడు నిర్ణయించాడు. తేడా అంతా ఇందులోనే ఉన్నది.

జున్ను వేరు, చీజు వేరు

చిన్నప్పుడు మా ఇంగ్లీషు వాచకంలో చీజు అంటే జున్ను అని అర్థం వ్రాసుకున్నాము. కాకి నోట్లోని జున్ను ముక్క కథ అందరం చదివినదే. జున్ను ఎట్లా జారిపోకుండా కాకి నోట్లో నిలిచిందా అని నాకు అనుమానంగా ఉండేది. మన జున్ను ఈనిన గేదె మొదటి పాలకు బెల్లం, మిరియాలు చేర్చి ఆవిరి మీద ఉడికించేది. వేడికే గట్టిపడుతుంది. చీజు మామూలు పాలను విరిచి, నీరు తీసి, ఉప్పు వేసి, నెలల తరబడి మాగబెట్టేది. పాలు విరగడానికి పూర్వం దూడ పొట్టలోని పదార్థం వాడేవారు. అందువలన కొందరు శాకాహారులు దాన్ని ముట్టేవారు కారు. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తీసినది విరివిగా వాడుతున్నారు. పొట్లం మీద ఆకుపచ్చ చుక్క ఉన్నదో లేదో చూసి కొనుక్కుంటే చాలు.

మన దేశంలో చీజు సామాన్యుడికి దగ్గరైంది గుజరాత్ రైతుల పుణ్యాన. 1946 డిసెంబరు 14న ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం రిజిస్టరు అయింది. అదే అమూల్. గేదె పాలను పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు అంటుండగా, హెచ్.ఎం. దలాయా అనే ఇంజనీరు చేసి చూపించారు. ఆ పాల కర్మాగారాన్ని 1955 అక్టోబరు 31న నెహ్రూ గారు ప్రారంభించారు. తర్వాత గేదె పాలతోనే చీజు కూడా చేశారు. మన జిల్లాలలో గేదె పాడికి కొరత లేదు. అయినా చీజు డబ్బా చాలాకాలం పెద్ద అధికారుల బల్ల దాటి రాలేదు.

పళ్లెంలోని పండ్లు

పండ్లలోనూ దూరపు చుట్టాలే ఎక్కువ. జామ, బొప్పాయి, అనాస అమెరికా ఖండం నుంచి ఓడలలో వచ్చినవి. పెరట్లో ఇంతగా కలిసిపోయాయి గనుక ఎవరూ వాటి స్థానికత ధ్రువపత్రం అడగడం లేదు. యాపిల్ చలి కొండల పండు. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ హిమాచల్‌లోని కోట్‌గఢ్‌లో 1916లో డెలీషియస్ రకం నాటించడంతో అక్కడి తోటలు పెరిగాయి. మన ఆఫీసులలో యాపిల్‌ది ప్రత్యేక హోదా. జనవరి 1వ తేదీన అధికారిని దర్శించేటప్పుడు స్తోమత లేనివాడు నిమ్మకాయ, ఉన్నవాడు యాపిల్, పని ఉన్నవాడు బుట్ట తీసుకువెళ్లడం మనకు తెలియని సంగతి కాదు.

మూడు జాబితాలు

ఇక అసలు ఫైలుకు వస్తాను.

1976లో నేను ఒక ఆఫీసులో గుమాస్తాను. ఆఫీసు పేరు, ఊరి పేరు వ్రాయను. ఒక అధికారికి బదిలీ అయింది. వీడ్కోలు పార్టీకి చందాలు వసూలు చేసి ఏర్పాట్లు చూసే బాధ్యత నాకు అప్పగించారు. అప్పటి ఆనవాయితీ ప్రకారం మూడు జాబితాలు టైపు చేశాను. మొదటి జాబితాలో అధికారులు. వారికి పింగాణీ కప్పులు, వెన్న రాసిన టోస్టు మీద చీజు, యాపిల్ ముక్క. రెండవ జాబితాలో గుమాస్తాలు. మాకు ఒక లడ్డు, కాసింత కారప్పూస, గ్లాసులో టీ. మూడవ జాబితాలో అటెండర్లు, నైట్ వాచ్‌మన్. వారి పేర్లకు ఎదురుగా "మిగిలినది" అని టైపు చేసి, కార్బను ప్రతులు తీసి, సంతకం పెట్టాను. ఆ అక్షరాలు నావే. ఎవరూ నా చేయి పట్టి వ్రాయించలేదు.

టోస్టు చేసినది మా అటెండరు. నాకంటే ఐదేళ్లు పెద్ద. అప్పట్లో హరిజనవాడ అని పిలిచే పేట నుంచి రోజూ సైకిలు మీద వచ్చేవాడు. అంతకుముందు ఒక ట్రావెలర్స్ బంగళాలో కొన్నాళ్లు వంటవాడికి సాయంగా ఉండి ఆ పని నేర్చుకున్నాడు. రికార్డు గది వెనక వరండాలో కిరసనాయిలు స్టవ్ మీద పెనం పెట్టి, ఒక్కొక్క ముక్కను బంగారు రంగు వచ్చేవరకు కాల్చి, యాపిల్‌ను కాగితమంత పలుచగా తరిగి పళ్లెం నిండా పేర్చాడు. అధికారులు ఆ చేతి పని తిన్నారు, మెచ్చుకున్నారు. ఆ చేతులతో నీళ్లు తాగే గ్లాసు మాత్రం వేరే. అది కిటికీ గట్టు మీద బోర్లించి ఉండేది. అంటరానితనం నేరమని రాజ్యాంగం 1950లోనే చెప్పింది. 1955లో ప్రత్యేకంగా చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రతి మా బీరువాలో ఉన్నది. గ్లాసు కిటికీలో ఉన్నది.

ఆనాటి సభలో బదిలీ అయిన అధికారి "మీది కారంపూడి కదా, పలనాటి చరిత్ర కొంచెం చెప్పండి" అన్నారు. నేను లేచి బ్రహ్మనాయుడి గురించి, చాపకూడు గురించి పావుగంట ఉపన్యసించాను. చప్పట్లు మోగాయి. ఉపన్యాసం జరుగుతున్నంతసేపూ అటెండరు ఖాళీ పళ్లెం పట్టుకొని గుమ్మం అవతల నిలబడి విన్నాడు.

సాయంత్రం అందరూ వెళ్లిన తర్వాత కప్పులు కడుగుతూ అడిగాడు.

"సారూ, ఆ చాపకూడు మీ ఊళ్లో ఇంకా పెడతారా?"

"పెడతారు. కార్తీకంలో, మందపోరు నాడు."

"ఎవురైనా కూకోవచ్చా?"

"ఎవరైనా కూర్చోవచ్చు. ఒకసారి రా."

రమ్మన్నానే గాని ఏ రోజు, ఎక్కడ దిగాలి, మా ఇంటికి రా అని చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం నాకు అప్పుడే తెలుసు. ఇంటికి వస్తే ఏ గ్లాసులో నీళ్లు ఇవ్వాలన్నది ప్రశ్న. అసలు సంగతి ఇంకొకటి ఉన్నది. పలనాటి చరిత్రను ఊరూరా చెప్పిన నేను ఆ చాప మీద ఏనాడూ కూర్చోలేదు. మా ఇంటివాళ్లు దూరంగా నిలబడి దండం పెట్టుకొని వచ్చేసేవారు. నేనూ అంతే.

మళ్లీ కలిసిన వైనం

తర్వాత నాకు బదిలీలు, ప్రమోషన్లు. ఆయన వేరే ఊళ్లో పదవీ విరమణ చేశారు. నిరుడు లైఫ్ సర్టిఫికెట్ సమర్పించే చోట క్యూలో కనిపించారు. ఎనభై దాటినా మనిషి నిటారుగా ఉన్నారు. "బాగున్నారా?" అన్నాను. "ఇదేంది సారూ, కొత్తగా మీరు అంటన్నారు!" అని నవ్వారు. అప్పట్లో ఆయన నాకంటే పెద్దవాడైనా నేను "ఏమోయ్" అనేవాడినన్న సంగతి ఆ నవ్వుతో గుర్తుకు వచ్చింది.

అప్పటికే పెన్షనర్ల దినానికి ఏదైనా కొత్త ఫలహారం పెడదామని మా మనవరాలు పట్టుబట్టి, ఇంట్లో ఒకసారి పండ్ల టోస్టు చేసి చూసింది. చూడడానికి బాగున్నా పది నిమిషాలకే రొట్టె నాని చేతిలో విరిగిపోయింది. 1976 నాటి పళ్లెం గంటసేపైనా మెత్తబడలేదని నాకు గుర్తు. ఆ కిటుకు తెలిసిన మనిషి ఒక్కరే. అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. అయితే నేనొక షరతు పెట్టాను. ఆయన కుర్చీలో కూర్చొని చెప్పాలి, పని మేము చేయాలి.

తయారు చేసే విధానం

ఇరవై మందికి మనిషికి మూడు ముక్కల చొప్పున లెక్క ఇది. కావలసినవి: 400 గ్రాముల శాండ్విచ్ రొట్టె పొట్లం ఒకటి, వెన్న 100 గ్రాములు, చీజు 200 గ్రాములు, యాపిల్ ఒకటి, దోర జామ రెండు, అనాస నాలుగు చక్రాలు, గింజలు లేని ద్రాక్ష గుప్పెడు, నిమ్మకాయ ఒకటి, మిరియాల పొడి, కొంచెం తేనె.

మొదట రొట్టె అంచులు తీసి ఒక్కొక్క దాన్ని నాలుగు చదరాలుగా కోయాలి. ముందు రోజు రొట్టె అయితే చాకుకు బాగా తెగుతుంది. అంచులు పారవేయకండి. ఎండబెట్టి పొడి చేసుకుంటే కట్లెట్లకు పనికి వస్తుంది.

పెనం మీద సన్న సెగన వెన్న లేకుండా రెండు వైపులా కాల్చాలి. రంగు బంగారంలా వచ్చి, గోటితో కొడితే టక్కుమని మోగాలి. దించిన ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చరాదు. ఆవిరి పట్టి మెత్తబడతాయి. జల్లెడ మీద విడివిడిగా పరచి పూర్తిగా చల్లారనివ్వాలి. మా మనవరాలు చేసిన మొదటి పొరపాటు ఇక్కడే.

చల్లారిన తర్వాత మెత్తటి వెన్నను పలుచగా, నాలుగు మూలలకూ అందేటట్లు రాయాలి. "మూల వదిలితే అక్కణ్ణించే నీళ్లు దిగుతాయమ్మా, కట్టకు గండి పడ్డట్టే" అని ఆయన మా మనవరాలికి చెప్పారు. వెన్న పొర పండు రసాన్ని రొట్టెలోకి దిగనివ్వదు. వేడి మీద రాస్తే వెన్న కరిగి రొట్టెలోకి ఇంకిపోతుంది, పొర నిలవదు. రెండవ పొరపాటు అది.

యాపిల్, జామ ముక్కలను పలుచగా తరిగి, నిమ్మరసం పిండిన నీళ్లలో రెండు నిమిషాలు ఉంచితే నల్లబడవు. అనాసను చిన్న ముక్కలు చేయాలి. ఏ పండునైనా శుభ్రమైన పొడి బట్ట మీద పరచి తడి అద్దివేయాలి.

వెన్న మీద చీజు ముక్క, దాని మీద ఒకే రకం పండు, పైన చిటికెడు మిరియాల పొడి. యాపిల్‌కు ఒక చుక్క తేనె అందం. అనాసకు మిరియం చాలు. ద్రాక్షను నిలువుగా సగానికి కోసి బోర్లించాలి. ఒక ముక్క మీద నాలుగు పండ్లు గుట్టగా పోస్తే నోటికి పట్టదు, చొక్కా మీద పడుతుంది. వడ్డించడానికి పావుగంట ముందు మాత్రమే పేర్చుకోవాలి.

మన వయసు వారికి కొన్ని మాటలు. చీజులో ఉప్పు ఎక్కువ కాబట్టి రక్తపోటు ఉన్నవారు ఒకటి, రెండు ముక్కలతో ఆపడం మంచిది. వారి కోసం గుడ్డలో వేలాడదీసి నీరు తీసిన గట్టి పెరుగును మిరియాల పొడితో కలిపి చీజుకు బదులు రాయవచ్చు. అయితే అది త్వరగా నానుతుంది గనుక వెంటనే వడ్డించాలి. మధుమేహం ఉన్నవారికి తేనె మాని దోర జామ పెట్టండి. పళ్లు లేనివారికి రొట్టెను తక్కువ కాల్చి, మాగిన బొప్పాయి ముక్క పెడితే సుఖంగా తింటారు.

ఆ సాయంత్రం

పెన్షనర్ల దినం ఎందుకు జరుపుకుంటున్నామో ఇంట్లోని పిల్లలకు తెలియకపోవచ్చు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షను యజమాని దయతో వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కిన హక్కు అని చెప్పింది. ఒక తేదీకి ముందు రిటైరైన వారు, తర్వాత రిటైరైన వారు అని పెన్షనర్లను రెండుగా చీల్చడం చెల్లదన్నది. నా దృష్టిలో అది కోర్టు పరచిన చాప.

ఆ తీర్పు దినాన ఈసారి నేను జాబితా వ్రాయలేదు. పళ్లెం ఒకటే. మా మనవరాలు మొదటి వరుస చివర కూర్చున్న ఆయన దగ్గరకు పళ్లెం తీసుకువెళ్లి "తాతగారూ, ముందు మీరు చూసి చెప్పండి" అన్నది. ఆయన ఒక యాపిల్ ముక్క పెట్టిన టోస్టు తీసుకొని నిదానంగా నమిలారు. నేను పక్కనే కూర్చున్నాను.

"ఎట్లా ఉంది?" అన్నాను.

"బాగుంది సారూ. ఇన్ని వందలు కాల్చాను గాని, కరకరలాడేటప్పుడు తినడం ఇదే మొదలు. మాకు మిగిలేసరికి మెత్తబడిపోయేయి."

నా సంతకం పెట్టిన "మిగిలినది" అనే మాట కళ్ల ముందు కదిలింది. ఆ జాబితా సంగతి చెప్పి, తప్పు నాదని ఆయనతో అన్నాను. ఆయన దాన్ని తోసిపుచ్చలేదు, అట్లా అని నిష్ఠూరమూ ఆడలేదు. కాసేపు ఆగి ఇంకొక మాట చెప్పారు.

"ఆ ఏడు కార్తీకంలో కారంపూడి వచ్చాను సారూ. చాపకూడు తిన్నాను. మీ కోసం చూశాను, కనపడలేదు."

నేను ఆ రోజు ఊళ్లోనే ఉన్నాను. గుడి అరుగు దగ్గర నిలబడి చూసి ఇంటికి వెళ్లిపోయాను. ఆ మాట కూడా చెప్పాను.

ముగింపు

చరిత్ర చదివి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. ఎనిమిది వందల ఏళ్ల నాటి చాపను ఏడాదికి ఒకసారి పరచి, మిగతా రోజులు కిటికీలో వేరే గ్లాసు పెట్టుకుంటే బ్రహ్మనాయుడికి మనం చేసిన మర్యాద ఏముంటుంది? పార్టీలో ఏమి పెట్టామన్నది తర్వాతి సంగతి. ఎవరు చేశారు, వారు ఎక్కడ కూర్చొని తిన్నారు అన్నది ముందు చూడాలి. ఇప్పుడు మన ఇళ్లలో ఫంక్షన్లకు వంటవాళ్లు, వడ్డించే కుర్రవాళ్లు వస్తున్నారు. వారికి వేడి వేడిగా ముందే ఒక పళ్లెం తీసి పెట్టమని పిల్లలకు చెప్పండి. ఖర్చు పెరగదు.

ఈ కార్తీకంలో మందపోరు నాడు నేను చాప మీద కూర్చున్నాను. మోకాళ్ల నొప్పులు కాబట్టి లేపడానికి ఇద్దరు పట్టవలసి వచ్చింది. ఆయన ఆరోగ్యం బాగాలేక రాలేకపోయారు. ప్రసాదం ఆకులో కట్టించుకొని మరునాడు వారి ఇంటికి వెళ్లాను. అప్పటికి అన్నం చల్లారి గట్టిపడింది. ఇద్దరం తిన్నాము. వారి కోడలు స్టీలు గ్లాసులో మంచినీళ్లు ఇచ్చింది.

ఈ సంవత్సరం డిసెంబరు 17న కూడా టోస్టు ఉంటుంది. మిత్రులందరూ కుటుంబ సమేతంగా రావలసినదిగా కోరుతున్నాను.